సోమవారం పుస్తకం

ఆయన పోయి నెల దాటిందని మొన్న ఆదోని బస్టాండులో షమీమ్ చెబితే తెలిసింది. ఒకప్పుడు మిల్లులో, కంప్యూటర్ గదిలో నాతోపాటు పనిచేసిన అమ్మాయి. ఇప్పుడు బళ్లో టీచరు. "సార్ పోయినారు, తెల్సు గదన్నా?" అంది. తెలియదన్నాను. "నేను పోయుంటి ఎమ్మిగనూరుకు. మిల్లోళ్లు ఒక్కరూ కనపల్యా," అని నా ముఖంలోకి ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. అంతలో ఆమె బస్సు వచ్చింది. నేనెక్కవలసిన బస్సు కూడా వచ్చి వెళ్లిపోయింది. చాలాసేపు అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఆ పేరు ఉండకూడని చోట ఉండటానికి ఒకసారి నేనే కారణమయ్యాను. అది చాలు.

నేను మొదట చూసేనాటికి ఆయనకు నలభై దాటాయి. సన్నటి మనిషి. తెల్ల చొక్కా చేతులు మోచేతి దాకా మడిచేవాడు. కుడి అరచేతిలో, బొటనవేలి మొదట్లో కాయ కాసి ఉండేది. డెబ్బైల్లో ఎమ్మిగనూరు నేతగాళ్ల సంఘంలో ఏళ్ల తరబడి జకార్డు అట్టలు కొట్టిన చేయి అది. జకార్డు మగ్గం చూడనివాళ్ల కోసం చెబుతాను. బట్టలో పువ్వు ఎక్కడ రావాలో ఆ మగ్గానికి చెప్పేవి బొక్కలు కొట్టిన అట్టలే. ముందు గళ్ల కాగితం మీద పువ్వు గీసుకుంటారు. ఒక్కో వరుసకు ఒక్కో అట్ట చొప్పున బొక్కలు కొట్టి, అన్నిటినీ దారంతో దండలా కుట్టి మగ్గానికి వేలాడదీస్తారు. అట్టలో ఏముంటే బట్టలో అదే వస్తుంది.

ఎనభైల్లో మా మిల్లు కంప్యూటర్ కొనాలనుకున్నప్పుడు, యజమానుల్లో ఒకరు ఆయన అట్టలు కొట్టడం చూసి, కంప్యూటర్లకూ ఇలాంటివే వాడతారట, నేర్చుకుంటావా అని అడిగారట. మూడు నెలలు బెంగళూరుకు పంపారు. తిరిగి వచ్చేసరికి మిల్లులో దిగింది అట్టల యంత్రం కాదు, ఫ్లాపీల యంత్రం.

"అట్టలని పిలిచి మోసం చేసినారప్పా నన్ను," అనేవాడు ఫ్లాపీని వెలుతురుకు ఎత్తి చూపిస్తూ. "ఈడ చూస్తే ఒక్క బొక్కన్నా ల్యా."

"నడిమధ్యన అంత పెద్దది ఉండాది గదా సార్!" అనేది షమీమ్.

"అది పువ్వుకు పనికిరాదులేమ్మా."

మేం ముగ్గురమే. షమీమ్ వివరాలు ఎక్కించేది. నేనూ ఆయనా ప్రోగ్రాములు రాసేవాళ్లం. మా మిల్లులో పత్తి గింజ తీసి, దూదిని బేళ్లుగా కట్టేవారు. ఏ లాటు బేళ్లు ఏ గోడౌనులో ఉన్నాయి, ఏవి ఇంకా బయట యార్డులో ఉన్నాయి, ఏవి లారీకి ఎక్కాలి అన్నది మా యంత్రం ప్రతి ఉదయం జాబితాగా అచ్చువేసి ఇవ్వాలి. అదే మా పని.

నాకు ఆ ఉద్యోగం వచ్చింది ఆదోని శాఖా గ్రంథాలయం పుణ్యాన. బీకాం చదివాక పని దొరకని రెండేళ్లూ పొద్దున తలుపు తీసేవేళకు వెళ్లి, మూసేవేళకు బయటికి వచ్చేవాణ్ని. ఎవరో దానంగా ఇచ్చిన, కోబాల్ అనే కంప్యూటర్ భాష పుస్తకం ఒకటి అక్కడ ఉండేది. బయటికి ఇవ్వరు కనుక మొత్తం మూడు నోటుపుస్తకాల్లో ఎత్తి రాసుకున్నాను. కంప్యూటర్ ముఖం చూడకముందే ప్రోగ్రాము రాయడం నేర్చినవాణ్ని. ఆ సంగతి చెప్పుకోవడానికి నేనెప్పుడూ మొహమాటపడలేదు. అందుకే ఆయన నన్ను పేరుతో కాక "ఏమప్పా లైబ్రరీ" అని పిలిచేవాడు. లెక్కించే యంత్రాలకు మొదటి ఊహ జకార్డు అట్టల నుంచే వచ్చిందని ఒకరోజు పుస్తకంలో చదివి, పరుగున వెళ్లి చెప్పాను. ప్రింటరు కాగితం అంచున ఉండే బొక్కల పట్టీని ఆయన ఎప్పుడూ చింపి పారేయడు. చేతిలో పెట్టుకుని వేలితో ఒక్కో బొక్కా తడుముతూ ఉంటాడు. అలా తడుముతూనే విని, "కావచ్చులే. దీన్ని చేత పట్టినప్పుడే నాకట్ల అనిపించింది," అన్నాడు.

ఎవరైనా "కంప్యూటర్ తప్పు చూపుతోంది" అంటే మాత్రం ఆయనకు కోపం వచ్చేది. "దానికేం తెల్సు? మనం కొట్టిన అట్టనే అది నేస్తాంది. అట్ట కొట్టినోడు యాడుండాడో సూడు."

ఇంకో పద్ధతి ఉండేది ఆయనకు. నేను రాసిన ప్రోగ్రాములో ఒక్క అక్షరం మార్చాలన్నా నా దగ్గరికి వచ్చి, "నీ మగ్గంలో కూర్చోవచ్చునా?" అని అడిగేవాడు. నేతగాళ్లలో ఒకరి మగ్గంలో ఇంకొకరు అడగకుండా కూర్చోరట. సగం నేసిన బట్ట మీద ఇంకో చేయి పడితే ఆ తేడా జన్మంతా కనిపిస్తుందట. నాకది చాదస్తమనిపించేది. అయినా ఆయన అడిగినప్పుడల్లా లోపల గర్వంగా ఉండేది.

ఇక సోమవారం పుస్తకం. గీతల రిజిస్టరు ఒకటి కొని, ఆయనే అట్ట వేశాడు. ప్రతి సోమవారం యంత్రం వేయకముందు ముగ్గురం నేల మీద చాప వేసుకుని కూర్చునేవాళ్లం. గడిచిన వారంలో తప్పు చేసినవాళ్లు దాన్ని తమ చేత్తో ఆ పుస్తకంలో రాసి, కింద పేరు రాసి, పైకి చదవాలి. తప్పు పట్టుకున్నవాళ్లు రాయకూడదు. చదవడం అయ్యేదాకా నవ్వకూడదు, అయ్యాక ఎంతైనా నవ్వవచ్చు. టీ వస్తే మొదటి గ్లాసు చదివినవాళ్లకు.

మొదటి పెద్ద తప్పు ఆయనదే. ఆయుధపూజ నాడు ఇంట్లో మగ్గానికి పెట్టినట్టే ఇక్కడా పసుపు కుంకుమ పెట్టాడు. యంత్రానికి పెట్టి, ప్రింటరుకు పెట్టి, చివరికి ఫ్లాపీకి కూడా పెట్టాడు. ఫ్లాపీ కవరుకు సందులా తెరిచి ఉండే చోట లోపలి నల్లటి రేకు కనిపిస్తుంది. దాని ముఖం అదే అయి ఉంటుందని సరిగ్గా అక్కడ తడి కుంకుమ అద్దాడు. మూడు వారాల లాట్లు పోయాయి. సోమవారం చాప మీద కూర్చుని, ముఖంలో ఏ మార్పూ లేకుండా చదివాడు. "ఫ్లాపీకి బొట్టు పెట్టినాను. బొట్టు లోపలికి పోయింది. తప్పు నాది. దేవునిది కాదు."

షమీమ్ గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. తర్వాతి నెల తన వంతు వచ్చినప్పుడు ఆమె కూడా అలాగే రాసింది. "ఫ్లాపీ మీద టిఫిన్ క్యారియర్ పెట్టినాను. పప్పు కారింది. తప్పు నాది. పప్పు మా అమ్మది."

నేనూ రాసేవాణ్ని, చిన్నచిన్నవి. తేదీ వేయడం మరిచాననీ, కాగితం తిరగేసి పెట్టాననీ. పెద్దవి చేసినప్పుడు ఎవరూ చూడకముందే దిద్దేసేవాణ్ని. పుస్తకాలు చదివి పైకి వచ్చినవాడికి ఒక భయం ఉంటుంది. తప్పు బయటపడితే చదివిందంతా ఉత్తదే అనుకుంటారని. ఆ ఇద్దరికీ ఆ భయం ఎందుకు లేదో నాకు అర్థమయ్యేది కాదు.

ఒక శనివారం దుప్పట్లు కొనాలని ఆయన వెంట ఎమ్మిగనూరు బయల్దేరాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పత్తి తీసేసిన చేలు చూస్తూ ఉన్నట్టుండి చెప్పాడు.

"ఒకసారి దుప్పటికి పువ్వు కొట్టినాలేప్పా. నడిమి అట్టలో ఒక బొక్క తప్పు పడింది. ప్రతి పువ్వుకూ ఒక రేకు ఇరిగిపోయినట్ల వచ్చింది. ఆ అట్టలు ముందు ఒక ముసలాయన మగ్గానికి ఎక్కినాయి. సంఘంలో బట్ట సూసి, ఈయనకు సూపు పోయింది, నేత తప్పుతాండాడు అన్నారు. నూలు ఇచ్చేది నిలిపినారు."

"నీకెప్పుడు తెలిసిందన్నా, అట్టలో తప్పని?"

"రెండో దినమే. సెప్పల్ల అనుకున్నా. ఈపొద్దు సెప్తా, రేపు సెప్తా అనుకున్నా. రాత్రిపూట అట్ట మార్చేసినా. బట్ట బాగా వచ్చింది. ఇంగెవరూ అడగల్యా."

"ఆ ముసలాయన?"

"ఆయన కూడా నమ్మినాడప్పా, కండ్లు పోయినాయని. సంతకు పోతే మనవరాలి చెయ్యి పట్టుకుని నడిచేటోడు. బాగా కనిపిస్తాండె ఆయనకు. అయినా పట్టుకునేటోడు."

ఆయన మళ్లీ కిటికీ వైపు తిరిగాడు. నాకు మంచి కథ విన్నానని మాత్రం అనిపించింది.

ఆ ఏడాది పత్తి బాగా వచ్చింది. మామూలుగా మా దగ్గర లాటుకు నలభై, యాభై బేళ్లు పడేవి. సీజను నడుమ ఒక లాటు సరిగ్గా నూరు బేళ్లతో దిగింది. యార్డు నుంచి గోడౌనుకు చేర్చవలసిన లాట్ల జాబితా వేసే ప్రోగ్రాము నాది. బేళ్ల సంఖ్యకు అందులో నేను రెండంకెల చోటే ఇచ్చాను. నూరు ఎక్కిస్తే వెనక రెండు సున్నాలే నిలిచాయి. సున్నా బేళ్లంటే ఖాళీ లాటని నా ప్రోగ్రాము దాన్ని జాబితాలోంచి తీసేసింది. యార్డు మా గదికి రెండు నిమిషాల నడక. అక్కడ ఏ హమాలీని అడిగినా చెప్పేవాడు, మంచి సీజనులో లాటుకు నూరు పడతాయని. రెండేళ్లలో నేను అటు వెళ్లింది మూడుసార్లో నాలుగుసార్లో.

ఆ బేళ్లు యార్డులోనే ఉండిపోయాయి. ఆ వారం కాలం కాని కాలంలో వాన పడింది. అడుగు వరుసలన్నీ తడిసి పసుపు పచ్చబడ్డాయి. మేనేజరు గోడౌను గుమాస్తాను అందరి ముందూ పట్టుకుని తిడుతుంటే ఆయన యార్డులోకి చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్లి, "ఆయన తప్పు ల్యా సార్. జాబితా మాది," అన్నాడు. నేను గదిలో కూర్చుని రెండంకెల చోటును నాలుగంకెలు చేస్తున్నాను. పది నిమిషాల పని. ఎవరూ చూడలేదు.

సోమవారం చాప మీద కూర్చున్నాం. "ఎవరన్నా రాసేదుండాదా?" అన్నాడు.

షమీమ్ లేదంది. నేనూ లేదన్నాను.

ఆయన పెన్ను మూత తీశాడు. తర్వాత పుస్తకం ఒళ్లోకి తీసుకుని రాసి, చదివాడు. "లాటుకు నూరు బేళ్లు పడితే జాబితా ఏమవుతుందో నేను వేసి చూడలేదు. చూడవలసినవాడిని నేను. తప్పు నాది." కింద తన పేరు రాశాడు. ఆ కింద రెండు గీతలు ఖాళీగా వదిలి పుస్తకం మూశాడు. ఎప్పుడూ అలా వదలడు. షమీమ్ ఆ రోజు నవ్వలేదు. టీ వచ్చింది. మొదటి గ్లాసు ఆయనే తాగాడు.

తర్వాతి సోమవారం ఆ రెండు గీతలు వదిలేసి, దాని కింది నుంచి మొదలుపెట్టాం. ఆ తర్వాతి సోమవారమూ అంతే.

ఆ నెలలో యజమానులు మిల్లు చూడటానికి వస్తున్నారని, కంప్యూటర్ గది పని గురించి నాలుగు పేజీలు రాసి ఇమ్మని మేనేజరు నన్నడిగాడు. నా భాష బాగుంటుందని. రాశాను. రాసిన కాగితాలతోపాటు సోమవారం పుస్తకం కూడా ఇచ్చాను. మా మధ్య ఎంత క్రమశిక్షణ ఉందో చూడండి, పై దేశాల్లో కూడా ఇలాగే చేస్తారని చదివాను అని చెప్పాను. ఆయనకు మేలు జరుగుతుందనుకున్నాను. అది నిజం. ఆ పుస్తకంలో నా పేరు చాలా తక్కువగా ఉంటుందని నాకు తెలుసు. అదీ నిజం.

మూడో రోజు మేనేజరు పిలిచాడు. పుస్తకం బల్ల మీద తెరిచి ఉంది. పేర్ల పక్కన పెన్సిలుతో టిక్కులు పెట్టి ఉన్నాయి.

"ఏమయ్యా, యంత్రానికి బొట్టు పెట్టి మూడు వారాల పని పోగొట్టినాడా ఈయన? దేవునిది కాదంట తప్పు! దేవుడే బతికిపోయినాడు!" అని పగలబడి నవ్వాడు. పేజీలు తిప్పాడు. "ఇదిగో, నూరు బేళ్లు తడిపింది కూడా ఈయనే. ఎవరూ అనకముందే రాసి పేరు పెట్టినాడు. ఇన్ని తప్పులు చేసేవాణ్ని పెద్దగా పెట్టుకుని నడుపుతున్నామా మనం?" తర్వాత నా వైపు చూశాడు. "నీవి నాలుగే ఉన్నాయి. అవీ పిల్లకాయల తప్పులు. ఇకనుంచి ఆ గది నువ్వు చూసుకో."

నోరు తెరిచాను. నా పేరు అక్కడ ఎందుకు నాలుగుసార్లే ఉందో చెప్పడానికి ఒక్క వాక్యం సరిపోయేది. ఆ వాక్యం నాకు అప్పటికప్పుడు తోచింది కూడా.

"సరే సార్," అన్నాను.

ఆ సాయంత్రమే ఆయనను రేపటి నుంచి రావద్దన్నారు. ఆయన తన గళ్ల కాగితాలూ రంగు పెన్సిళ్లూ సంచిలో సర్దుకున్నాడు. "పుస్తకం యాడుంది?" అని అడిగాడు.

"మేనేజరు గారి దగ్గరుందన్నా."

"నువ్విచ్చినావా?"

"నీ గురించి మంచిగా అనుకుంటారని..."

"అట్లనా," అన్నాడు. తర్వాత షమీమ్ వైపు తిరిగి, "రేపు కొత్త లాట్లు రెండు ఎక్కియ్యల్లమ్మా, మర్చిపోవద్దు," అన్నాడు. ఏసీ గది కనుక అందరం చెప్పులు బయటే విడిచేవాళ్లం. ఆయన చెప్పులు తొడుక్కుని మెట్లు దిగుతున్న చప్పుడు వినిపించింది. షమీమ్ ఆ రోజు నుంచి నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఏడాది తిరక్కుండా మానేసింది.

ఐదారు నెలలకు ఎమ్మిగనూరు వెళ్లాను. చెప్పేయాలనే వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. సంఘంలో ఆయన పాత చోటు ఎప్పుడో వేరొకరికి పోయింది. అట్టలు కొట్టించుకునేవాళ్లూ తగ్గిపోయారు. పంచలో కూర్చుని భార్యకు సాయంగా రాట్నం మీద నూలు కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి, "ఏమప్పా లైబ్రరీ, రా, కూర్చో," అన్నాడు. చేయి ఆపలేదు.

కూర్చుకున్న మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. "అన్నా, ఆ నూరు బేళ్ల తప్పు నాది," అన్నాను.

"తెల్సు."

"ఎప్పుడు తెలిసింది?"

"వాన పడిన దినమే. నీ ప్రోగ్రాము అచ్చు తీసి సూసినా."

"మరి అడగలేదేమన్నా? నేను దిద్దేలోపు నువ్వే దిద్ది ఉండొచ్చు కదా."

"నీ మగ్గంలో నేనెట్ల కూర్చుంటా, నువ్వు పిలవకుండ?" అన్నాడు. కోపంగా అనలేదు. కండె నిండితే తీసి, ఇంకోటి ఎక్కించాడు. "నువ్వు రాస్తావని సూస్తాంటి. రాయడానికి చోటు గూడ ఇడిసిపెడితి."

నేను తల వంచుకున్నాను. ఆయనే మాట మార్చాడు. రాయచూరులో ఒక మిల్లు కంప్యూటర్ పెడుతోందట. వెళ్లి కలిశాడట. ఆయన పని వాళ్లకు నచ్చింది. అయితే ఆదోని మిల్లు నుంచి ఎందుకు తీసేశారని అడిగారట.

"పని రాక తీసేయల్యా అని ఒక్క కాగితం కావల్లప్పా. మేనేజరు ఇయ్యడు. ఆ గదికి పెద్ద ఇప్పుడు నువ్వే గదా, నువ్వు రాసి, సంతకం పెట్టి, మిల్లు ముద్ర ఏస్తే సాలన్నారు. ఈ నెల ముప్పై దాంక సూస్తారంట." చేయి ఆగింది. "నాకు మల్లా ఆ పని సెయ్యాలని ఉండాదిలే. సగంలో లేపేసినట్ల ఉంది."

"రాస్తానన్నా. ఈ వారంలోనే రాసిస్తా."

"మిల్లు కాడికే వచ్చి తీసుకుంటా. నువ్వింత దూరం తిరగొద్దు," అన్నాడు. ముఖం వెలిగింది. ఆయన ముఖం అలా వెలగడం నేను చూసింది అదొక్కసారే.

రాశాను. మూడుసార్లు తిరగరాశాను. ఆయన పనితనం గురించి అంత మంచి వాక్యాలు నేను మళ్లీ ఎప్పుడూ రాయలేదు. కానీ మిల్లు ముద్ర పడాలంటే కాగితం మేనేజరు బల్ల మీదికి వెళ్లాలి. ఆయనను పని రాక తీసేయలేదంటే, మరి బేళ్లు ఎవరు తడిపారని మేనేజరు అడుగుతాడు. రేపు అనుకున్నాను. సోమవారం అనుకున్నాను. కాగితం సొరుగులోనే ఉండిపోయింది.

ఆయన మొదటిసారి వచ్చినప్పుడు గేటు నుంచి వాచ్‌మన్ ఫోన్ చేశాడు. సెలవులో ఉన్నానని చెప్పమన్నాను. పది రోజులకు మళ్లీ వచ్చాడు. మళ్లీ సెలవన్నాను. మూడోసారి వచ్చింది ముప్పయ్యో తేదీన. మా గది కిటికీ పరదా పక్కకు జరిపితే గేటు కనిపిస్తుంది. ఎండలో, సంచి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చినట్టున్నాడు.

ఈసారి వాచ్‌మన్ ఫోన్ చేయలేదు. మెట్లెక్కి పైకే వచ్చాడు. పెద్ద వయసు మనిషి. ఇబ్బందిగా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"సెలవులోనే ఉండారని సెప్పినా సార్. ఇన్ని దినాలు సెలవంటే ఒంట్లో బాగల్యాదేమో, ఇంటికి పోయి సూసొస్తా, ఇల్లు యాడ అని అడుగుతాండాడు. మీకు ఒంట్లో బాగల్యాదా అంటే ఏమని సెప్పల్ల?"

"అవునని చెప్పు," అన్నాను. "ఇంటికి రావద్దని చెప్పు."